బరువైన జతలో వినపడేది

ఏమండోయ్, మిమ్మల్నే. చెవుల్లో ఆ రెండు గింజలు దూర్చుకుని, లోకంతో నాకేం పని అన్నట్టు తల ఊపుతున్న మీరే. ఒక్క నిమిషం వాటిని తీసి పక్కన పెట్టండి. పెట్టరా? సరే, డీజేలు తీసినట్టు ఒకటైనా తియ్యండి. మిమ్మల్ని ఎవరూ బోల్తా కొట్టించలేరని మీ మొహమే చెబుతోంది. గడియారం కూడా తన గురించి అలాగే అనుకునేది.

గడియారం అంటే గోడకి వేలాడేది కాదు. ఇరవై ఆరేళ్ళ మనిషి, డీజే. ఆ పేరు మేనమామ పెట్టాడు. కుళాయి కారుతుంటే చుక్కలు లెక్కపెడుతుంది. ఫ్యాను కీచుమంటే నిమిషానికి ఎన్ని కీచులో చెబుతుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు విని, తలుపు తియ్యకుండానే వచ్చింది ఎవరో చెప్పేస్తుంది. లెక్కపెట్టకుండా ఉండటం ఆమె వల్ల కాదు. ఆమె తిండీ బట్టా అన్నీ ఆ రెండు చెవుల మీదే నడుస్తున్నాయి.

మేనమామది స్పీకర్లు, హెడ్‌ఫోన్లు బాగుచేసే షాపు. వీధిలో ఆయన్ని స్పీకర్ల డాక్టరు అంటారు. చదివింది తక్కువ, చేసిన తుంటరి పనులు లెక్కలేనన్ని. ఒకసారి వంటింట్లో రేడియోని విప్పి, వార్తల మధ్యలో భార్యని పేరు పెట్టి పిలిచి "కూర మాడుతోంది" అని చెప్పేలా చేశాడు. ఆవిడ రెండు రోజులు రేడియోకి దూరంగా వండింది.

సోమవారం పొద్దున మామయ్య సంచిలో మూడు జతల హెడ్‌ఫోన్లు వేసుకుని మేనకోడలి గదికి వచ్చాడు. మూడో అంతస్తు. గుమ్మం దగ్గర కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమే గడియారమా, మీ మెట్లు పోయిన నెల కంటే పెరిగాయి. ఇంటాయనతో చెప్పి నాలుగు కోయించు."

"మెట్లు కాదు మామయ్యా, పెరిగింది నీ పొట్ట."

"పొట్ట ఉంటేనే మనిషికి బేస్ ఉంటుంది." సంచి మంచం మీద బోర్లించాడు. "ఎప్పటిలాగే. మూడూ విని, ఏది దేనికి పనికొస్తుందో కాగితం మీద రాసివ్వు. షాపులో గోడకి అంటిస్తా. నేను చెబితే ఎవడూ నమ్మట్లేదు."

"ఎందుకు నమ్ముతారు?"

"అదీ నిజమేలే." జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. "నువ్వెప్పుడూ పెట్టి చూసే పాటే. దానికి ఇంకా శుభ్రమైన కాపీ దొరికింది. దీంతోనే విను."

ఆ వారం ఆమెకి అసలే తీరిక లేదు. శనివారం సాయంత్రం ఊళ్ళోకెల్లా పెద్ద డాన్సు హాల్లో గంటసేపు వాయించాలి. నచ్చితే వారం వారం ఆమెనే పెట్టుకుంటామని హాలు మేనేజరమ్మ మాటిచ్చింది. అయినా మామయ్య అడిగితే కాదనలేదు. పైగా శనివారానికి మంచి జత ఒకటి తనకీ కావాలి.

ముందు తేలికైన జత పెట్టుకుంది. కప్పుల వెనక జల్లెడలా చిల్లులు. నెత్తిన పిట్ట వాలినంత బరువు. పాట చెవిలో కాకుండా గదిలో ఎక్కడో మోగుతున్నట్టు ఉంది. సన్నటి చప్పుళ్ళు ఇసుక రాలినట్టు విడివిడిగా వినపడుతున్నాయి. కానీ కింద ఏమీ లేదు. బేస్ ఉండాల్సిన చోట గాలి తగులుతోంది. 'ఇంట్లో కూర్చుని వినేవాళ్ళకి బంగారం. హాల్లో పెట్టుకుంటే బయటి గోలంతా లోపలికొస్తుంది' అని రాసింది.

రెండోది తీగ లేనిది. దిండులా మెత్తగా ఉంది. బేసు గుండ్రంగా, నున్నగా చెక్కినట్టుంది. కానీ బటన్ నొక్కిన రెప్పపాటు తర్వాతగానీ చప్పుడు చెవికి రాదు. డీజేకి పరువు పోవడానికి రెప్పపాటు చాలు. 'బస్సు ప్రయాణాలకి' అని రాసి పక్కన పడేసింది.

మూడోది బరువైనది. నల్లగా, కప్పులు గట్టిగా మూసి ఉన్నాయి. ఒక కప్పు చెవి వెనక్కి తిరుగుతుంది. డీజేకి కావాల్సింది అదే. ఒక చెవితో హాల్లో మోగుతున్న పాట వింటూ, ఇంకో చెవితో తర్వాత రాబోయే పాట నడక పట్టుకుని రెండిటినీ కలపాలి. పట్టు మాత్రం భలే బిగువుగా ఉంది. వెనక నుంచి ఎవరో వచ్చి రెండు అరచేతులతో తల నొక్కి పట్టుకున్నట్టు. బేసు నేలలోంచి తన్నుకొస్తోంది. ఇదే నా జత అనుకుంది.

పాట సగానికి వచ్చింది. అక్కడ డ్రమ్ములన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. రెండు నిమిషాలపాటు పొగలాంటి సన్నటి స్వరం ఒక్కటే ఉంటుంది. ఆ పాట ఆమె వెయ్యిసార్లు విని ఉంటుంది.

ఆ స్వరం కింద ఏదో కొట్టుకుంటోంది.

మెత్తటి జంట దెబ్బ. దూరంగా మూసిన తలుపుని ఎవరో పిడికిలితో కొడుతున్నట్టు. ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. ఉంది. తేలికైన జత పెట్టుకుంది. లేదు. తీగ లేనిది పెట్టుకుంది. అందులోని నున్నటి బేసులో ఏదీ తేలలేదు. బరువైనది మళ్ళీ పెట్టుకుంది. దెబ్బ, దెబ్బ, దెబ్బ.

తన రక్తం పరుగే అయి ఉంటుందనుకుని మణికట్టు మీద వేలు పెట్టింది. తన నాడి నిమిషానికి ఎనభై. చెవిలోది అరవై ఆరు. ఇది తనది కాదు.

జతలు పోల్చేవాళ్ళు పాటని మార్చరు, జతనే మారుస్తారు. అందుకని వాళ్ళ అనుమానం ఎప్పుడూ జత మీదకి పోతుంది. లేదంటే చెవి మీదకి పోతుంది. మూడు జతల్లోనూ మోగేది అదే పాట కాబట్టి, పాట వంక ఆమె చూడనైనా లేదు.

మంగళవారం బరువైన జత పట్టుకుని షాపుకి వెళ్ళింది. మామయ్య దాన్ని చెవులకి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ రెండు నిమిషాలూ బుద్ధిగా విన్నాడు.

"ఏమీ లేదే."

"కింద ఏదో కొట్టుకోవట్లేదూ?"

"లోపల మీ అత్త కింద కూర్చుని కాఫీ గ్లాసులు కడుగుతోంది. అంతే."

"ఇది నీ పని కాదుగదా మామయ్యా."

"ఈ షాపు మీద ఒట్టు. జతని నేను ముట్టుకోలేదు." ఆమె ఎదురుగానే మరలు తీసి కప్పులు విప్పి చూపించాడు. లోపల పలచటి పొర, రాగి చుట్ట, రెండు తీగలు. చీమ కూడా లేదు. మళ్ళీ బిగిస్తూ గొంతు తగ్గించాడు. "నీకో సంగతి చెప్పలేదు. దీన్ని ఇంతకుముందు ఒకాయన కొనుక్కెళ్ళి నాలుగు రోజుల్లో వెనక్కిచ్చేశాడు. ఎందుకని అడిగితే నోరు విప్పలేదు. చూడటానికి బాగా చిక్కిపోయి ఉన్నాడు పాపం."

"నాకు దయ్యాల కథలు చెప్పకు."

"దయ్యమని నేనన్నానా? నువ్వే అన్నావు."

ఆమెకి దయ్యాల భయం లేదు. అంతకంటే పెద్ద భయం ఉంది, దాన్ని మామయ్యకి చెప్పలేదు. నాలుగేళ్ళుగా వారానికి మూడు రోజులు స్పీకర్ల మధ్య నిలబడుతోంది. చెవులు పోతే తను ఇంక ఎందుకూ పనికిరాదు.

బుధ, గురువారాలు ఆ రెండు నిమిషాలే వింటూ కూర్చుంది. కాగితం రాయడం మానేసింది. శనివారానికి పాటలు వరసగా పేర్చుకోవాల్సిన సమయం అది. ఆ దెబ్బ కోసం చెవి ఒగ్గి కూర్చోవడంతోనే అది కాస్తా అయిపోయింది. గురువారం మధ్యాహ్నానికి ఇంకో సంగతి గమనించింది. ఆ దెబ్బ వరసగా రావడం లేదు. పదో పన్నెండో కొట్టాక, రావాల్సిన దెబ్బ ఒకటి రాదు. ఆ ఖాళీలో ఆమె ఊపిరి దానంతటదే ఆగిపోతోంది. తర్వాతి దెబ్బ కాస్త గట్టిగా, తడబడి లేచినట్టు పడుతుంది. అప్పుడుగానీ ఆమెకి ఊపిరి ఆడదు.

జత తీసేశాక కూడా గదిలో ఆ ఖాళీ కోసం ఎదురుచూస్తూ కూర్చునేది.

శుక్రవారం పొద్దున్నే మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆమెకి పని నేర్పింది ఆయనే. ముప్పై ఏళ్ళు డీజేగా చేశాడు. ఇప్పుడు రెండు గదుల ఇంట్లో, టీవీ వీధంతా వినపడేలా పెట్టుకుని, దానికేసి చెవి ఒంచి కూర్చుంటున్నాడు.

"మాస్టారూ, మొదట్లో మీకెలా తెలిసింది?"

"ఏం కలిసింది?"

ఆమె టీవీ కట్టేసింది. "చెవులు పోతున్నాయని ఎలా తెలిసింది?"

ఆయన మొహంలో నవ్వు పోయింది.

"మొదట లేనిది వినపడింది," అన్నాడు. "తర్వాత ఉన్నది వినపడలేదు."

ఆమె బరువైన జత ఆయన చేతిలో పెట్టి అంతా గట్టిగా అరిచి చెప్పింది. ఆయన పెట్టుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"నన్నడిగి ఏం లాభం తల్లీ. నాకు పాటే వినపడి చావట్లేదు." జత తిరిగిచ్చాడు. "హాలుకి పో. అక్కడి పెద్ద స్పీకర్లలో పెట్టి, పక్కన ఇంకో మనిషిని నిలబెట్టుకో. ఆ మనిషికీ వినపడితే అది పాటలో ఉన్నట్టు. నీ ఒక్కదానికే వినపడితే..."

మిగతాది చెప్పకుండా మళ్ళీ టీవీ పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి హాలు ఖాళీగా ఉంది. కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి. నేల ఇప్పుడే తుడిచారు, ఇంకా తడి ఆరలేదు. మేనేజరమ్మ నడుముకి తాళాలగుత్తి వేలాడేసుకుని గ్లాసులు లెక్క చూసుకుంటోంది.

"రేపటిదాకా ఆగలేకపోయావా అమ్మాయ్?"

"సౌండు ఒకసారి చూసుకుంటానక్కా. పది నిమిషాలు."

"చూసుకో. పగలగొట్టకు."

డ్రైవ్ పెట్టింది. పాట మొదలైంది. నాలుగు నిమిషాలు నాలుగు గంటల్లా గడిచాయి. డ్రమ్ములు ఆగిపోయాయి. సన్నటి స్వరం హాలంతా పరుచుకుంది. ఆమె మేనేజరమ్మ వీపునే చూస్తూ నిలబడింది.

దెబ్బ హాల్లోకి వచ్చింది.

హెడ్‌ఫోన్లలో పిడికిలంత ఉన్నది ఇక్కడ గదంత ఉంది. అరల్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. తడి నేల మీద వెలుగు వణికింది. మేనేజరమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏంటే అది? గోడవతల ఎవరైనా కొడుతున్నారా?"

గడియారం డెక్కు బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది. "మీకు వినపడుతోందా అక్కా?"

"వినపడటమేంటి, నా కడుపులో కొడుతుంటే."

చెవులు బాగున్నాయి. తన చెవులకి ఏమీ కాలేదు. ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది. పాటలో ఉంది. పాట ఎవరిచ్చారు? మామయ్య. జతని ముట్టుకోలేదని ఒట్టేశాడేగానీ పాట ఊసే ఎత్తలేదు. ఆ మొహం అంత బుద్ధిగా పెట్టినప్పుడే తెలుసుకోవాల్సింది.

"చాలా బాగుందమ్మాయ్," అంది మేనేజరమ్మ చేతి మీద లేచిన వెంట్రుకలు నిమురుకుంటూ. "రేపు ఇది వెయ్యి. జనం హడలి చస్తారు. ఒకటడుగుతా, మధ్య మధ్యలో ఆగేలా కావాలనే పెట్టావా? ఆగినప్పుడల్లా నాకేదోలా ఉంది."

గడియారం డ్రైవ్ పీకి జేబులో వేసుకుంది.

నడుచుకుంటూ షాపుకి బయలుదేరింది. మొదటి వీధంతా నవ్వుకుంటూనే నడిచింది. మామయ్యని ఎలా ఆడుకోవాలా అని రకరకాలుగా ఆలోచించింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేళ్ళు వాటంతట అవే ఆ దెబ్బని తొడ మీద కొట్టడం మొదలుపెట్టాయి. పదకొండు. ఖాళీ. తొమ్మిది. ఖాళీ. పన్నెండు. ఖాళీ.

మిషను మీద తయారుచేసిన చప్పుడు ఇలా ఉండదు. మిషను తప్పినా లెక్క ప్రకారం తప్పుతుంది. ఇంత తడబాటు కూర్చుని తయారు చెయ్యాలంటే ఒక వారం పడుతుంది. మామయ్య అంత ఓపికమంతుడు కాదు. చేతికి దొరికిందేదో వాడి ఉంటాడు.

సిగ్నల్ పడింది. జనం ఆమెని తోసుకుంటూ దాటిపోయారు. ఆమె అక్కడే నిలబడిపోయింది. తర్వాత పరుగెత్తింది.

షాపులో మామయ్య ఏదో స్పీకరుకి తీగ అతికిస్తున్నాడు. ఆమె మొహం చూడగానే చేతిలోది బల్ల మీద పడేసి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు.

"అయిదు రోజులు. నేను మూడు రోజుల్లో పట్టేస్తావనుకున్నా. ఏమే, ఊళ్ళో ఫ్యాన్లన్నీ లెక్కపెట్టే దానివి, నన్ను పట్టలేకపోయావు."

"ఎవరిది మామయ్యా అది?"

"ఎవరిదేంటి, నాదే." చొక్కా మీద చరుచుకున్నాడు. "మోటార్ల మూలుగు చూసే మైకుంది చూడు, అంటించేది. ఆదివారం దాన్ని బనియన్ లోపల అంటించుకుని ఈ కుర్చీలోనే కూర్చున్నా. మీ అత్త నన్ను చూసి ఆస్పత్రికి పోతున్నావా అంది. తేలికైనదానిలో ఎక్కకుండా, బరువైనదానిలో మాత్రమే ఎక్కేట్టు ఎంత కిందికి దింపానో తెలుసా? చదువుకున్నోళ్ళు కూడా చెయ్యలేరు."

"మధ్యలో ఎక్కడైనా కోశావా?"

"లేదు."

"అతికించావా?"

"నాకంత ఓపికా? తీసింది తీసినట్టు వేశా." ఆమె నవ్వకపోవడం చూసి కాస్త తగ్గాడు. "ఏంటే, బాగా భయపడ్డావా?"

"రెండు నిమిషాల్లో పదకొండు సార్లు ఆగింది మామయ్యా."

"ఏది?"

"నీది."

మామయ్య ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. వేలు ఆడించాడు. మళ్ళీ నవ్వు మొదలుపెట్టాడు.

"ఓహో. తిరగేసి కొడుతున్నావన్నమాట. నా మేనకోడలివి అనిపించుకున్నావు. ఆ మొహం పెట్టడం ఎక్కడ నేర్చుకున్నావే, చెమటలు కూడా పట్టించుకున్నావు."

"ఆట కాదు. మైకు ఎక్కడుంది?"

సొరుగులోంచి మైకు తనే తీసి ఆయన చొక్కా గుండీలు విప్పింది. ఆయన కితకితలంటూ మెలికలు తిరుగుతుంటే అంటించింది. బరువైన జత ఆయన తలకి బిగించింది. ఒక కప్పు వెనక్కి తిప్పి, తన చెవి దానికి ఆనించి వంగి నిలబడింది. మామా మేనకోడలూ ఒకే జతలో విన్నారు.

తొమ్మిది. ఖాళీ. ఆరు. ఖాళీ. ఏడు. ఖాళీ.

పాటలో ఉన్నవాటి కంటే ఖాళీలు దగ్గర దగ్గరగా వస్తున్నాయి.

"మైకు వదులుగా ఉంది," అన్నాడు మామయ్య. ఆమె గట్టిగా నొక్కి పట్టింది. "అయితే తీగలో ఉంది లోపం." తీగ మార్చింది. "ఈ జతే మంచిది కాదు, నేను ముందే చెప్పాగా, ఒకాయన వెనక్కిచ్చాడని." బరువైన జత పీకేసి, బల్ల మీదున్న ఇంకో తేలికైన జత పెట్టుకున్నాడు. చెవి ఒగ్గి విన్నాడు. మొహం విప్పారింది. "ఇదిగో చూడు, ఇందులో ఏమీ లేదు. ఎంత శుభ్రంగా ఉందో. ఇదీ జతంటే. కాగితంలో ఇదే రాయి."

ఆమె షాపు షట్టరు సగం దించి, "అత్తయ్యా" అని లోపలికి పిలిచింది.

ఆస్పత్రికి వెళ్ళే దారంతా మామయ్య కారు కిటికీలోంచి బయటికి చూస్తూ ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు. అత్తయ్య ఆయన చెయ్యి వదలకపోతే, "నిన్ను కూడా కలుపుకుందా? ఇద్దరూ గట్టివాళ్ళే" అన్నాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ మంచం మీద పడుకోబెట్టి, ఛాతీకి తీగలు అంటిస్తుంటే మేనకోడలి వంక చూసి కన్నుకొట్టాడు. "ఇంత సామాను ఎక్కడ అద్దెకి తెచ్చావే?"

మిషను ఒక్కో దెబ్బకీ ఒక్కో కూత పెడుతుంటే, అందులోంచి కాగితం పొడుగ్గా వచ్చింది. డాక్టరమ్మ దాన్ని వేలితో చూసుకుంటూ పోయి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"నాకు తెలిసి ఆదివారం నుంచి," అంది గడియారం. "అప్పుడు పదీ పన్నెండు దెబ్బలకోసారి. మధ్యాహ్నానికి ఆరేడింటికోసారి. ఇప్పుడు నాలుగింటికి వచ్చింది."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "మీకెలా తెలుసు?"

"విన్నాను."

డాక్టరమ్మ కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. నాలుగు. ఖాళీ. నాలుగు. ఖాళీ. "సరిగ్గానే విన్నారు," అంది. అయిదు రోజులుగా తన చెవులు సరైనవే అని ఎవరైనా చెప్తే చాలని కూర్చున్న మనిషి, ఆ మాట వినగానే కాగితం చూడకుండా మొహం తిప్పుకుంది. తన చెవులే తప్పని డాక్టరమ్మ ఒక్క మాట అంటే ఎంత బాగుండేదో.

నర్సు పరుగున బయటికి వెళ్ళింది. ఇంకో ఇద్దరు లోపలికి వచ్చారు. ఒకతను మంచం చక్రాల తాళం తీశాడు. అత్తయ్యని పక్కకి జరగమన్నారు.

"డాక్టరు గారూ," అన్నాడు మామయ్య, "మీరు మాత్రం భలే చేస్తున్నారండీ. మా పిల్ల ఎలా చెయ్యమంటే అచ్చం అలాగే. నేను చూశా, మీకు నవ్వు వస్తోంది, ఆపుకుంటున్నారు."

డాక్టరమ్మ మంచం తొయ్యమని సైగ చేసింది. మంచం కదిలింది. మామయ్య తల కాస్త పైకెత్తి, ముందు ఎవరు నవ్వుతారా అని ఒక్కొక్కరి మొహమే చూస్తూ, నవ్వడానికి తన మొహాన్ని కూడా సిద్ధంగా పెట్టుకుని వెళ్ళాడు.